తెరచాప ఓడ ఎక్కించి సముద్ర చరిత్ర చెప్పినవారు ఉన్నారా? (చర్చ)

తాళ్లరేవు పంతులు:
నేను కోరంగికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా తరగతిలో సగం మంది మత్స్యకార కుటుంబాల పిల్లలే. ఆటుపోట్లు, గాలివాలు నాకంటే వారికే బాగా తెలుసు. అయినా సముద్ర చరిత్ర అనగానే వాస్కో డ గామా పేరు ఒక్కటి చెప్పి ఊరుకుంటారు. ఒకప్పుడు తమ ఊరి పక్కనే పెద్ద ఓడలు కట్టేవారనీ, 1839 నవంబరు ఉప్పెన ఆ రేవును దెబ్బతీసిందనీ చెబితే, ఎవరో దూరదేశం వారి కథ విన్నట్టు వింటారు.

నిరుడు అరవై మందిని విశాఖ తీసుకువెళ్లి కురుసుర జలాంతర్గామిని చూపించాను. అది 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన, తొంభై మీటర్లకు పైగా పొడవున్న జలాంతర్గామి. మా వాళ్లు ఒకరి వెనుక ఒకరు నడిచి పావుగంటలో బయటికి వచ్చేశారు. మరునాడు వ్యాసం రాయమంటే ఎక్కువ మంది బీచిలో తిన్న ఐస్‌క్రీం గురించి రాశారు. లోపం ప్రదర్శనశాలది కాదు, ఏ ప్రశ్నా చేతికివ్వకుండా తీసుకువెళ్లిన నాది. తెరచాపలు, వాటిని మోసే నిలువు కొయ్యలు ఉన్న పెద్ద ఓడలను పిల్లలకు చూపించినవారు ఇక్కడ ఉంటే, అక్కడ ఏ పని ఫలించిందో, ఏది వృథా అయిందో దయచేసి వివరంగా రాయండి.

శాండియాగో అమ్మ:
మాస్టారూ, నేను ఉపాధ్యాయురాలిని కాను. మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా వాళ్ల బృందంతో తోడుగా వెళ్లి, ఇక్కడ అమెరికాలోని శాండియాగో రేవులో ఉన్న ‘స్టార్ ఆఫ్ ఇండియా’ అనే తెరచాప ఓడ మీద ఒక రాత్రి గడిపాను. దీనిని 1863లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లోని రామ్సీలో ఇనుముతో కట్టారు. అప్పటి పేరు ‘యూటర్పీ’, ఇప్పటి పేరు 1906లో పెట్టారు.

ఎక్కగానే పిల్లలు కొత్తగా చేరిన కళాసీలైపోయారు. ఓడ అధికారుల వేషంలో ఉన్నవారు వాళ్లను జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మోకులు, ఒక జట్టుకు వంట, ఇంకొక జట్టుకు కాపలా అప్పగించారు. తెరచాప వేలాడే బరువైన అడ్డకొయ్యను పైకి లాగవలసి వచ్చినప్పుడు మొదట ఎవరికి వారు లాగారు. అది అంగుళం కూడా కదలలేదు. తరువాత ఒకరు పాట అందుకుని, అందరూ ఒక్క మాట దగ్గర ఊపిరి బిగబట్టి లాగితే లేచింది. నాకు వెంటనే మన ‘హైలెస్సా’ గుర్తుకు వచ్చింది. నాటు పడవను ఒడ్డుకు లాగేటప్పుడు మన వాళ్లు పాడేది సరదా కోసం కాదని, అందరి బలాన్ని ఒకే క్షణానికి తెచ్చే పనిముట్టు అదేనని ముప్పై ఎనిమిదేళ్ల వయసులో నాకు తెలిసింది.

చరిత్ర మాత్రం రాత్రి కాపలాలోనే మా అమ్మాయికి పట్టుకుంది. ఈ ఓడ తన రెండవ ప్రయాణంలో మద్రాసు దగ్గర బంగాళాఖాతపు తుపానులో చిక్కుకున్నదనీ, మునగకుండా ఉండేందుకు కొయ్యల పై భాగాలను నరికి సముద్రంలో వదిలేశారనీ, కుంటుకుంటూ ట్రింకోమలీకి, అక్కడి నుంచి కలకత్తాకు చేరి మరమ్మతు చేయించుకున్నదనీ అక్కడ చెప్పారు. తిరుగు ప్రయాణంలో కెప్టెన్ మరణించగా సముద్రంలోనే సాగనంపారట. ఆ సముద్రం కాకినాడలో తాతయ్య ఇంటి ముందరిదేనని నేను చెప్పగానే, మా అమ్మాయి తెల్లవారేదాకా పడుకోలేదు.

బందరు టీచరమ్మ:
పై సంగతి చదవగానే మోటుపల్లి శాసనం మనసులో మెదిలింది. తుపానుకు కొయ్యలు విరిగి ఏదో ఒక రేవుకు కొట్టుకువచ్చిన ఓడలోని సరుకును, ఏనుగులు, గుర్రాలు, రత్నాలతో సహా, పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ప్రాణాలకంటే ధనం గొప్పదని భావించి సముద్రయానానికి తెగించిన వర్తకుల నుంచి తాను నియమిత సుంకం తప్ప మరేదీ తీసుకోనని కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పైకి ఒకటి.

ఈ శాసనాన్ని పాఠంగా చెప్పినప్పుడు మా పిల్లలు ఆవులించారు. ఆ తరువాత ఒక ఏడాది వేరే పని చేశాను. తరగతిని ఓడవారు, రేవువారు, పాతరాజు కొలువు అని మూడు జట్లుగా చేసి, కొట్టుకువచ్చిన సరుకు ఎవరిదో వాదించుకోమన్నాను. గంటసేపు గోల. చివర శాసనం చదివితే ఆ వాక్యం వాళ్లకు తీర్పులా వినిపించింది. శాండియాగో ఓడ కథను ఇందులో చేర్చుకోవచ్చు. చూడటానికి ఓడ దొరకకపోయినా, ఓడకు వచ్చిన ఆపద దొరికితే సగం పని అయినట్టే.

మాజీ నావికుడు, విశాఖ:
ఓడ దొరకదని అంత త్వరగా అనుకోకండి మేడమ్. మన నౌకాదళానికే తెరచాపల శిక్షణ నౌకలున్నాయి. గోవా షిప్‌యార్డులో కట్టిన ‘తరంగిణి’ 1997లో చేరింది. మూడు కొయ్యలు, ఇరవై తెరచాపలు, 54 మీటర్ల పొడవు. 2003-04లో భూమిని చుట్టివచ్చింది. దాని తోడు ‘సుదర్శిని’ 2012లో చేరింది. రెండింటి స్థావరం కొచ్చి. ఇవి ఏదైనా రేవుకు వచ్చినప్పుడు, ఎక్కి చూడటానికి అనుమతి ఉందేమో పాఠశాల తరఫున ముందుగానే ఉత్తరం రాసి కనుక్కోవాలి. చివరి వారంలో అడిగితే పని జరగదు.

ఇంజను, ఉపగ్రహం ఉన్న ఈ రోజులలో ఇంకా తెరచాపల మీద శిక్షణ ఎందుకని పిల్లలు తప్పక అడుగుతారు. గాలిని ముఖంతో గుర్తించని వాడికి సముద్రం తెలియదు, పక్కవాడు మోకు వదిలితే తన ప్రాణం పోతుందని తెలిసినప్పుడే జట్టు అన్న మాటకు అర్థం తెలుస్తుంది. ఇది మాకు మొదటి నెలలోనే ఒంటికి పట్టింది.

మాస్టారూ, ఓడ ఎక్కే ముందు మీరు చేయించదగిన పని ఒకటి చెబుతాను. ఓడ వేగాన్ని ‘నాట్’లలో చెబుతారు. నాట్ అంటే ముడి. పూర్వం ఒక చెక్కపలకను తాడుకు కట్టి ఓడ వెనుక నీటిలో వదిలేవారు. పలక నీటిలో నిలిచిపోతే, ఓడ ముందుకు సాగేకొద్దీ తాడు చేతిలోంచి జారేది. తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకు ఒక ముడి ఉండేది, అంటే సుమారు 14.4 మీటర్లు. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు చేతిలోంచి జారితే అన్ని నాట్‌లు. భాగహారం చేయించండి, ఒక నాట్‌కు గంటకు 1.85 కిలోమీటర్లు వస్తుంది. దానికి నైలాను తాడు, చెక్క, చేతి గడియారం చాలు.

హార్టిల్‌పూల్ పొరుగువాడు:
ఇంగ్లండులో మాకు దగ్గరలో ‘ట్రింకోమలీ’ అనే పాత తెరచాప యుద్ధనౌక ఉంది. పేరు సింహళ రేవుది, కర్ర మలబారు టేకు, కట్టింది బొంబాయిలోని పార్సీ వాడియాలు, నీటిలో దించింది 1817లో. దాన్ని ఎలా కట్టాలో చూపే పటాలను ఇంగ్లండు నుంచి మొదట పంపినప్పుడు తెస్తున్న ఓడ 1812లో యుద్ధంలో నాశనమైంది. మళ్లీ పంపవలసి వచ్చింది. చాలాకాలం పిల్లల శిక్షణ నౌకగా కూడా పనిచేసి, 1987లో ఇక్కడికి చేరి మరమ్మతు చేయించుకుంది.

ఇక్కడి బడిపిల్లలతో వెళ్లినప్పుడు ఫిరంగుల దగ్గర అందరూ గుమిగూడారు. నేను మా అబ్బాయి చేతిని దూలం మీద పెట్టించి, ఈ చెట్టు కేరళ వైపు అడవిలో పెరిగిందని చెప్పాను. వాడు వెనక్కి వెళ్లి మాస్టరుకు చెప్పాడు, ఆయన తరగతి మొత్తాన్ని పిలిచి అందరి చేతా ఆ దూలాన్ని తాకించాడు. పిల్లలతో తోడుగా వెళ్లిన తండ్రిగా నా సలహా ఒక్కటే: ఓడ అంతా చూపించకండి, ఒక్క వస్తువు ఎంచుకోండి.

రంగూన్ మనవరాలు:
ఒక అభ్యంతరం. ఈ ఓడలను మనం మరీ ముచ్చటగా చూస్తున్నాము. మా ముత్తాత కోరంగి వైపు నుంచి బర్మాకు కూలికి వెళ్లాడు. అక్కడ తెలుగువారినందరినీ ‘కోరంగీ’లని పిలిచేవారు, ఆ పిలుపులో గౌరవం ఉండేది కాదు. పిల్లలను ఓడ పైతట్టు మీదే తిప్పి, అడుగు అంతస్తులో ఎవరు, ఎంత చోటులో, ఎన్నాళ్లు పడుకున్నారో చెప్పకపోతే అది సగం చరిత్రే.

తాళ్లరేవు పంతులు:
అమ్మా, మీ మాటను మీ పేరుతోనే తరగతిలో చదివాను. మా పిల్లలలో ముగ్గురి ఇళ్లలో ‘రంగం వెళ్లిన’, అంటే రంగూన్‌కు పనికి వెళ్లిన, పెద్దలున్నారట, ఇన్నాళ్లూ నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. నేల మీద సుద్దతో ఒక మనిషి పడుకునే చోటు గీసి, అందులో ఇద్దరిని పడుకోబెట్టాము. నవ్వులు ఎక్కువసేపు నిలవలేదు.

కొచ్చికి ఉత్తరం రాశాను, జవాబు కోసం చూస్తున్నాను. ఈలోగా నావికుడు గారు చెప్పిన తాడు తయారుచేసి, తల్లిదండ్రుల అనుమతితో, అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, ఒక మరబోటులో జట్టుకు ఎనిమిది మంది చొప్పున కాలువ మీదకు తీసుకువెళ్లాను. మొదటి జట్టుకు 28 సెకన్లలో నాలుగు ముడులు జారాయి, అంటే గంటకు సుమారు 7.4 కిలోమీటర్లు. సరి చూద్దామని, ఒడ్డున ముందే కొలిచి పెట్టుకున్న కిలోమీటరు దూరాన్ని దాటే సమయం చూశాము. ఏడు నిమిషాలు పట్టింది, అది గంటకు 8.6 అవుతుంది.

ముడులు తప్పుగా వేశామని పిల్లలు పోట్లాడుకున్నారు, మీటరు కర్రతో మళ్లీ కొలిచారు, తప్పు దొరకలేదు. అప్పటిదాకా బీడీ కాల్చుకుంటూ కూర్చున్న సరంగు, “మీ తాడు నీళ్లను కొలిచింది బాబూ, గట్టును కాదు. ఆటు మీద పోతున్నాం, ఆ నీళ్లే మనల్ని తోస్తున్నాయి కదా” అన్నాడు. వచ్చే శనివారం పోటు మీద ఎదురు వెళ్లి కొలవాలని పిల్లలే నిర్ణయించారు. ఎంత తేడా వస్తుందో ముందే లెక్కగట్టి, ఆ అంకెను సరంగు చేతిలో పెట్టి వచ్చారు.