థ్యాంక్స్‌గివింగ్ టర్కీ మిగిలితే పాస్తా బేక్ చేయాలా, మన మసాలాలో వేయించాలా?

ఫ్రిస్కో_వంటిల్లు

నవంబరు నాలుగో గురువారం, అంటే థ్యాంక్స్‌గివింగ్ పండగ, వెళ్ళిందంటే అమెరికాలో మన ఇళ్ళన్నిటిలో ఒకటే ప్రశ్న: మిగిలిన టర్కీ (సీమకోడి) ఎవరు తింటారు? స్కూల్లో ఫ్రెండ్స్ అందరి ఇళ్ళల్లో చేస్తారని పిల్లలు అడుగుతారు, మనం 14 పౌన్ల (ఆరు కిలోలకు పైనే) పక్షి తెస్తాం. ఆరుగురు తిన్నా సగం అలాగే ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపుల్లో టర్కీ వేపుడు, టర్కీ బిర్యానీ ఫొటోలు మొదలవుతాయి.

నా మాట సూటిగా చెప్తాను. గంటల తరబడి ఓవెన్‌లో కాలిన మాంసాన్ని మళ్ళీ మూకుట్లో వేయిస్తే పీచు తప్ప ఏమీ మిగలదు. రొమ్ము ముక్కలో కొవ్వు అసలే తక్కువ. మొదటిసారి కాలినప్పుడే దాని నీరు చాలావరకు పోతుంది. రెండోసారి దానికి కావలసింది ఉడకడం కాదు, తడిలో మెల్లగా వేడెక్కడం. ఆ పని పాల సాస్‌లో, పాస్తా మధ్యలో, మూత కింద జరిగినంత బాగా ఇంకెక్కడా జరగదు.

అమెరికాలో ఇది పాత వంటకమే. టర్కీ టెట్రజీని అంటారు. లూయీసా టెట్రజీని అని ఇటలీ ఒపేరా గాయని ఉండేవారు. 1910లో క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం శాన్ ఫ్రాన్సిస్కో నడివీధిలో ఆవిడ పాడితే ఊరు ఊరంతా కదిలి వచ్చింది. ఆవిడ పేరే ఈ వంటకానికి పెట్టారు. 1934లో క్యాంప్‌బెల్స్ పుట్టగొడుగుల సూపు డబ్బా వచ్చాక ఇలా అన్నీ ఒకే ట్రేలో కలిపి ఓవెన్‌లో కాల్చే క్యాసరోల్ వంటలు ఇక్కడి ప్రతి ఇంటికీ పాకాయి. డబ్బా నేను వాడను, అందులో ఉప్పు ఎక్కువ. సాస్ చేయడానికి పదిహేను నిమిషాలు చాలు.

నాలుగు టేబుల్ స్పూన్ల వెన్న, అంతే మైదా. పచ్చివాసన పోయేదాకా సన్నసెగ మీద వేయించాలి, రంగు మారకూడదు. రెండు కప్పుల పాలు, టర్కీ ఎముకలు ఉడికించిన నీళ్ళు రెండు కప్పులు ఉండ కట్టకుండా కొంచెం కొంచెంగా కలపాలి. గరిటజారుగా ఉండగానే దించేయాలి. చిక్కగా అయ్యేదాకా ఆగితే ఓవెన్‌లో గట్టిపడుతుంది. 340 గ్రాముల పెన్నే పాస్తాను ప్యాకెట్ మీద రాసిన టైమ్ కంటే రెండు మూడు నిమిషాల ముందే, పలుకు మీద ఉండగా వార్చుకోవాలి. మిగతా ఉడుకు సాస్ పీల్చుకుంటూ ట్రేలో ఉడుకుతుంది. విడిగా వేయించిన పుట్టగొడుగులు, చేత్తో చీల్చిన టర్కీ మూడు కప్పులు, మిరియాలు, చీజ్ కలిపి ట్రేలో సర్దాలి. 190 డిగ్రీల సెల్సియస్‌లో, అంటే 375 ఫారన్‌హీట్‌లో, ఫాయిల్ కప్పి ఇరవై నిమిషాలు. ఫాయిల్ తీసి బ్రెడ్ పొడి చల్లి ఇంకో పది నిమిషాలు. అంచుల్లో సాస్ బుడగలు వస్తూ, పైన ఎర్రగా అయితే అయినట్టే.

కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

తెనాలి_అబ్బాయి

అక్కా, కాదంటున్నాను. కారణం కూడా చెప్తాను. మర్నాడు టర్కీకి ఒక వాసన వస్తుంది. గురువారం ఉండదు, ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చేయగానే వస్తుంది. పాలూ చీజూ ఆ వాసనను దాచలేవు. అల్లం వెల్లుల్లి, లవంగం, దాల్చిన చెక్క, కరివేపాకు పడితేనే అది పోతుంది. మా న్యూజెర్సీ ఇంట్లో క్యాసరోల్ చేస్తే ట్రే సగం అలాగే మిగిలిపోయింది. మిగిలిన దానితో చేసింది మళ్ళీ మిగిలితే ఇంక లాభమేముంది?

వేపుడు ఎండిపోతుందన్నారు. ఉల్లిపాయ, టమాటా మసాలా బాగా వేగి నూనె తేలాక, చివరి రెండు నిమిషాలు మాత్రమే టర్కీ వేసి కలిపి దించితే ఎండదు. మొదటి నుంచీ వేస్తేనే పీచు అవుతుంది. అది వండే చేతిలో ఉంది, వేపుడులో కాదు.

సూక్ష్మజీవి

ఫుడ్ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేస్తాను. తెనాలి గారు చెప్పిన ఆ వాసన నిజం. వండిన మాంసంలో ఇనుము విడుదలవుతుంది. అది గాలితో కలిసి కొవ్వును పాడు చేస్తుంది. కోడి, టర్కీ కొవ్వు తొందరగా పాడయ్యే రకం కాబట్టి వాటిలో ఎక్కువ. లవంగం లాంటి మసాలాలు దాన్ని తగ్గిస్తాయనేది కూడా నిజమే. అయితే మర్నాడు వేస్తే వాసనను కప్పుతాయి, ఆపలేవు. ఆపాలంటే గురువారం రాత్రే గాలి తగలకుండా మాంసం మీద గ్రేవీ పోసి మూత పెట్టాలి.

ఈ చర్చలో ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. ఆ టర్కీ బల్ల మీద ఎంతసేపు ఉంది? వేపుడా, పాస్తానా అన్నది దాని తర్వాతే. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే వేడిని తట్టుకునే విత్తనాల లాంటివి, మామూలు వంటకు చావవు. మాంసం మెల్లగా చల్లారేటప్పుడు మొలకెత్తి పెరుగుతాయి. దీనివల్ల గుంపుగా జబ్బు పడే ఘటనలు అమెరికాలో నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఎక్కువ. రెండు గంటల్లోపు మాంసాన్ని ఎముక నుంచి విడదీసి, లోతు తక్కువ డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. మళ్ళీ వేడి చేసినప్పుడు ట్రే మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ రావాలి.

"బాగా మరిగిస్తే అన్నీ చస్తాయి" అని మాత్రం ఎవరూ అనకండి. బయట మరిచిపోయిన మాంసంలో, ఉడికించి వదిలేసిన పాస్తాలో కొన్ని బ్యాక్టీరియాలు వదిలే విషాలు మరిగినా పోవు.

అట్లాంటా_అమ్మమ్మ

నేను మా అమ్మాయి దగ్గరికి ఆరు నెలలకని వచ్చాను. మీ మాటలన్నీ చదివాను. జాము దాటిన తిండి ఒంటికి మంచిది కాదని పెద్దలు ఊరికే అనలేదు నాయనా. మాంసం ఏ పూటకాపూట తెచ్చి, వండి, తిని, గిన్నె కడిగేవాళ్ళం. నాలుగు రోజులు దాచుకుని, దానికి చీజు పూసి మళ్ళీ తినడం ఏమిటి? ఆరుగురికి 14 పౌన్లు తేవడం దగ్గరే తప్పుంది. చిన్న కోడిని తెచ్చుకోండి.

ఫ్రిస్కో_వంటిల్లు

అమ్మమ్మ గారూ, నమస్కారం. చిన్నది తెచ్చుకోమన్నది మంచి సలహా, కానీ నలుగురిని పిలిచే పండగ కదా, ఎంత లెక్క వేసినా మిగులుతుంది. నిలవ తిండి మనకు కొత్తా? చేపల పులుసు మర్నాడు తింటేనే రుచి అంటాం. గోదావరి జిల్లాల్లో అయితే కావాలనే రాత్రి వండి పొద్దున్న తింటారు.

తెనాలి తమ్ముడూ, లవంగం నీ ఒక్కడి పక్షాన లేదు. ఫ్రెంచి వాళ్ళ పాల సాస్‌లో పాతకాలం పద్ధతి ఏమిటంటే, ఉల్లిపాయకు లవంగాలు గుచ్చి, మన బిర్యానీ ఆకు లాంటి బే ఆకుతో పాటు పాలలో వేసి మరిగించి తీసేయడం. పైన జాజికాయ గీరతారు. పాలు కమ్మగా అవుతాయి, ఆ మర్నాటి వాసనా అణుగుతుంది. నీ ట్రే ఎందుకు మిగిలిందో ఇప్పుడు నువ్వే చెప్పు, అందులో మసాలా ఏం వేశావు?

తెనాలి_అబ్బాయి

డబ్బా సూపు పోసి చేశాం అక్కా. లవంగం వేయలేదు. ఆ పాల పద్ధతి చేసి చూస్తాను. కానీ ఒక మాట మీద మాత్రం తగ్గను. మా నాన్నగారికి, అమ్మకు చీజ్ పడదు. వాళ్ళు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ బల్ల మీద క్యాసరోల్ ఒక్కటే పెడితే వాళ్ళు పెరుగన్నం తిని లేచిపోతారు. అందరూ ఒకే గిన్నెలోంచి తినాలంటే మసాలా దారే సరైనది.

అట్లాంటా_అమ్మమ్మ

అమ్మా ఫ్రిస్కో, చేపల పులుసు నిలవుండేది చింతపండు వల్ల. ఉప్పూ, పులుపూ, కారం పట్టి ఉంటుంది. అదీగాక మట్టి దాకలో రాత్రి ఒకసారి, పొద్దున్న ఒకసారి పులుసు తెర్లేదాకా కాచేవాళ్ళం. మీ టర్కీకి పులుపు లేదు, పాల సాసుకూ లేదు. ఆ రెంటికీ పోలిక పెట్టకు.

సూక్ష్మజీవి

అమ్మమ్మ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైన మాట. పులుపు బ్యాక్టీరియాను తొందరగా పెరగనివ్వదు. పాల సాస్‌కు ఆ రక్షణ లేదు, దానికి ఫ్రిజ్ ఒక్కటే దిక్కు. ఈ కాలంలో పులుసునైనా ఫ్రిజ్‌లోనే పెట్టండి.

ఇంకో సంగతి. గురువారం వండిన టర్కీని ఆదివారం క్యాసరోల్ చేస్తే లెక్క ఆదివారం నుంచి మళ్ళీ మొదలవుతుందని అనుకోకండి. నేనైతే గురువారం నుంచే లెక్కపెడతాను. చేసేదేదో శుక్రవారమో శనివారమో చేయండి.

కూకట్‌పల్లి_కిచెన్

మాకు ఇక్కడ టర్కీ లేదు గానీ సమస్య అదే. ఆదివారం మటన్ కూర మిగులుతుంది, పిల్లలు సోమవారం అదే కూర ముట్టుకోరు. మా ఇంట్లో చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంది. నేను చేసేది చెప్తాను. ఫ్రిజ్‌లోంచి తీయగానే కూర మీద గడ్డకట్టిన కొవ్వును స్పూన్‌తో తీసేస్తాను. కూర వెచ్చబెట్టి, ముక్కల్లోంచి ఎముకలు జాగ్రత్తగా ఏరేస్తాను. చిన్న నల్లి ముక్క కూడా మిగలకూడదు, పిల్లలు తింటారు కదా. మాంసం చిదిపి, ఆ గ్రేవీలోనే మాకరోనీ కలిపి, పైన పల్చగా పాల సాస్ పోసి కాలుస్తాను. మటన్ రెండోరోజు ఎండదు. ముక్కలో జిగురు గ్రేవీలోకి దిగి సాస్‌లా అతుక్కుంటుంది. మా పక్కింటి ఆంటీ మటన్‌లో పాలు కలపడం అపచారం అన్నారు. మీరేమంటారు?

ఫ్రిస్కో_వంటిల్లు

చెల్లీ, నువ్వు చేస్తున్నదానికి దగ్గరి చుట్టం గ్రీసులో ఉంది, పాస్తిత్సియో అంటారు. గొట్టాల పాస్తా, దాల్చిన చెక్కా లవంగమూ పడిన కీమా, పైన మందంగా పాల సాస్. వాళ్ళకు అది ఆదివారం భోజనం. నువ్వు చెప్పిన జిగురు మాటే ఈ చర్చకు కీలకం. మేక కాలు, టర్కీ తొడ ముక్క రెండోసారి వేడిని తట్టుకుంటాయి, అందుకే తొడ ముక్కకు తెనాలి తమ్ముడి మసాలా కూడా నప్పుతుంది. రొమ్ము ముక్కకు మాత్రం నప్పదు. దాన్ని చివరి రెండు నిమిషాలే వేసినా, మసాలా నూనె అంత వేడిగా ఉన్నప్పుడు సన్నని పీచు బిగుసుకుపోతుంది. నేను దాన్ని పాస్తాలోనే వేస్తాను, ఇంకెక్కడా వేయను.

పెద్దవాళ్ళకు చీజ్ పడకపోతే వేయకు. చీజ్ లేకుండా కూడా సాస్ నిలుస్తుంది, బ్రెడ్ పొడిలో కాస్త వెన్న, వెల్లుల్లి కలిపి పైన చల్లు. పాలు కూడా పడకపోతే నాలుగు కప్పులూ ఎముకల నీళ్ళే పోయి. పిల్లలకొకటి, పెద్దలకొకటి చిన్న ట్రేలు రెండు పెట్టుకోవచ్చు.

తెనాలి_అబ్బాయి

తొడ ముక్క నాకు వదిలేశారు, సంతోషం. రొమ్ము ముక్క మీద మాత్రం ఒప్పుకోను. పొయ్యి కట్టేసి, ఆ వేడి మసాలాలో కలిపి మూత పెట్టి చూడండి, మెత్తగానే ఉంటుంది. ఈసారి రెండూ చేసి, ఎవరికీ చెప్పకుండా ఇంట్లో అందరికీ పెడతాను. ఏ గిన్నె ముందు ఖాళీ అయిందో ఇక్కడే రాస్తాను.

కూకట్‌పల్లి_కిచెన్

ఒక్క సందేహం. ట్రే రాత్రే సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు సాయంత్రం నేరుగా ఓటీజీలో పెట్టవచ్చా? ఆఫీసు నుంచి వచ్చేసరికి టైమ్ ఉండదు.

సూక్ష్మజీవి

పెట్టవచ్చు, కానీ గాజు ట్రే అయితే వద్దు. చల్లటి గాజు వేడి ఓవెన్‌లో పగిలిపోయే ప్రమాదం ఉంది. స్టీలుదో అల్యూమినియందో వాడండి. చల్లటి ట్రేకి ఫాయిల్ కింద ఇంకో పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది. అంచులు ఉడుకుతున్నా నడిమి చల్లగా ఉండవచ్చు, కాబట్టి థర్మామీటర్ మధ్యలో గుచ్చి చూడండి. రాత్రే సర్దేటప్పుడు సాస్ కొంచెం పల్చగా ఉంచుకోండి, తెల్లారేసరికి పాస్తా పీల్చేస్తుంది.