నాన్నగారి బీపీ మిషను ఒక్కోసారి ఒక్కో నంబరు చూపిస్తోంది, ఏది నమ్మాలి?

ప్రశ్న: నాన్నగారికి 74 ఏళ్లు. తెనాలిలో అమ్మా, ఆయనా ఇద్దరే ఉంటారు. కిందటి నెల జబ్బకి కట్టే బీపీ మిషను కొనిచ్చాను. పొద్దున 168 వస్తుంది, పది నిమిషాలకి 142, మళ్లీ 155. కంగారుపడి చూసుకుంటూనే ఉంటారు. మొన్న నాకు చెప్పకుండా ఇంకో సగం బిళ్ల వేసుకున్నారట. బాత్రూముకని లేస్తే కళ్లు తిరిగాయి, అమ్మ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. మిషను మార్చేయమంటారా?

జవాబు: స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యానమ్మా. మిషను సంగతి తర్వాత, ముందు ఆ అదనపు బిళ్ల మాన్పించండి. కళ్లు తిరిగిన విషయం డాక్టరుగారికి ఈ రోజే చెప్పండి. నాన్నగారు బీపీ చూసుకునేటప్పుడు అమ్మగారిని వీడియో తీసి పంపమనండి.

ప్రశ్న అడిగినవారు: వచ్చిందండీ. మంచం మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. చొక్కా చేతిని మడిచి, ఆ మడత మీదే పట్టీ చుట్టారు. చెయ్యి ఒళ్లో ఉంది. అది గాలి ఎక్కుతుంటే కాఫీ ఇంకా కాలేదా అని అమ్మని అడుగుతున్నారు.

జవాబు: నంబరు పెరగడానికి అవన్నీ కారణాలేనమ్మా. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి కూర్చోమనండి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. కిందికి ఉంటే ఎక్కువ చూపిస్తుంది. పట్టీ ఒంటి మీదే, మోచేతి మడతకి రెండు వేళ్ల పైన కట్టాలి. కాఫీ తాగితే అరగంట ఆగాలి. ఒంటికి వెళ్లొచ్చి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే మీట నొక్కాలి. పొద్దున బిళ్లకి ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం తేడాతో. వారం పాటు పుస్తకంలో రాయించండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువని లెక్క.

పట్టీ మీద సైజు అంకెలుంటాయి, జబ్బ కొలిచి సరిచూడండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ చూపిస్తుంది. కూర్చుని చూశాక, లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు కూడా ఒకసారి చూడాలి, అమ్మగారు పక్కనే ఉండాలి. పై నంబరు 20 పడిపోతే డాక్టరుకి తప్పక చెప్పండి.

ఛాతీనొప్పి వచ్చినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా మిషను జోలికి వెళ్లొద్దు, వెంటనే 108కి చెయ్యండి.

మరొకరు: మా అత్తగారికీ ఇలాగే మారేది. ఈసీజీ తీస్తే గుండె లయ తప్పుతోందని తేలింది. అదీ అడగండి.

ప్రశ్న అడిగినవారు: జబ్బ 34 సెంటీమీటర్లు ఉంది, పట్టీ మీద 22–32 అని రాసుంది! పెద్దది తెప్పిస్తున్నాను. డాక్టరుగారు శనివారం మిషను కూడా పట్టుకు రమ్మన్నారు, ఈసీజీ అప్పుడే అడుగుతాను.