హెచ్‌బీసీయూల్లో మన పిల్లలకి డైవర్సిటీ కోటా ఉంటుందా?

ఎంవీపీ కాలనీ:
మా మేనకోడలు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. అమెరికాలో బ్యాచిలర్స్ చెయ్యాలని ఉంది. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీవాళ్లు హోవర్డ్, మోర్గాన్ స్టేట్ లాంటి హెచ్‌బీసీయూల్లో, అంటే మొదట్నుంచీ నల్లజాతివాళ్ల కోసం నడిచిన కాలేజీల్లో, నల్లజాతి కానివాళ్లకి కోటా ఉంటుందని, అప్లికేషన్ ఫారంలో జాతి గడి నింపితే చాలు, సీటు ఖాయమని అంటున్నారు. అడ్మిషన్లలో జాతి చూడకూడదని 2023లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది కదా, మరి ఈ కోటా ఎక్కడిది? తెలిసినవాళ్లు చెప్పండి.

లాసన్స్ బే:
కోటా లేదండీ. ఆ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

మన మైనారిటీ కాలేజీలతో పోల్చుకోవడం వల్ల ఈ గందరగోళం వస్తోంది. మన దగ్గర రాజ్యాంగం 30వ అధికరణ ఉంది, ఆ కాలేజీలు తమవాళ్లకి కొన్ని సీట్లు ఉంచుకోవచ్చు. హెచ్‌బీసీయూ అలాంటిది కాదు. 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ప్రకారం 1964కి ముందు స్థాపించినదై, నల్లజాతివాళ్ల చదువే ప్రధాన ఆశయంగా ఉన్న కాలేజీకి ఆ గుర్తింపు. ఆశయం వేరు, సీట్ల కేటాయింపు వేరు. ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వం) డబ్బు తీసుకునే ఏ కాలేజీ అయినా జాతిని బట్టి వివక్ష చూపకూడదని 1964 పౌరహక్కుల చట్టంలోనే ఉంది. మీరు చెప్పిన 2023 తీర్పు హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో వచ్చింది.

వెస్ట్ వర్జీనియాలో బ్లూఫీల్డ్ స్టేట్ చూడండి. 1895లో నల్లజాతి పిల్లల కోసం పెట్టారు, ఇప్పుడు అక్కడ ఎక్కువమంది తెల్లవాళ్లే. అయినా హెచ్‌బీసీయూ గుర్తింపు పోలేదు. మొత్తం హెచ్‌బీసీయూల్లో నల్లజాతికి చెందనివాళ్లు 1976లో 15 శాతం, 2022లో 24 శాతం.

భీమిలి రోడ్:
కోటా అన్న మాట గాలిలోంచి పుట్టలేదు లెండి. 1992లో ఫోర్డీస్ కేసులో సుప్రీంకోర్టు, మిసిసిపీ రాష్ట్రం తన యూనివర్సిటీల్లో నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ విడిగా ఉంచిన పాత వేర్పాటు ఆనవాళ్లు తీసేయాల్సిందేనని చెప్పింది. తర్వాత కుదిరిన రాజీలో అక్కడి హెచ్‌బీసీయూలైన జాక్సన్ స్టేట్, ఆల్కార్న్ స్టేట్, మిసిసిపీ వ్యాలీ స్టేట్‌లకి సుమారు 50 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. అందులో మూలనిధి మీద పెత్తనం రావాలంటే ఇతర జాతుల విద్యార్థులు వరసగా మూడేళ్లు కనీసం 10 శాతం ఉండాలని షరతు. ఆ షరతు కాలేజీకి పెట్టిన లక్ష్యం. దాన్ని పట్టుకుని ఎవరూ సీటు అడగలేరు. నిధులు తక్కువ ఇచ్చి నష్టపరిచిన కాలేజీలకే ఇలాంటి షరతు పెట్టడం నాకైతే అన్యాయంగానే తోస్తుంది.

ఇంకొకటి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లే పిల్లల్ని ఫెడరల్ లెక్కల్లో ఏషియన్ వరసలో వెయ్యరు. ‘నాన్ రెసిడెంట్’ అని వేరే వరస ఉంటుంది. ఆ గడి నింపినా మీ మేనకోడలు అమెరికన్ ఏషియన్ల లెక్కలోకి రాదు.

ఎంవీపీ కాలనీ:
థాంక్సండీ. మరి ఫారంలో ఆ గడి ఏం చెయ్యాలి? ‘అమెరికన్ ఇండియన్’ అని కూడా కనిపిస్తోంది.

లాసన్స్ బే:
దాన్ని మాత్రం ముట్టుకోవద్దు! అది అమెరికా ఆదివాసులది. ఇండియన్ అన్న పదం చూసి టిక్ పెడితే తప్పుడు సమాచారం ఇచ్చినట్టవుతుంది. చాలా ఫారాల్లో ముందు ‘హిస్పానిక్ లేదా లాటినో?’ అని అడుగుతారు, కాదు అని పెట్టాలి. తర్వాత వచ్చే జాబితాలో మనది ‘ఏషియన్’. చెప్పడం ఇష్టం లేకపోతే ఖాళీగా వదిలేయొచ్చు. పౌరసత్వం గడిలో మాత్రం ఇండియా అనే ఉండాలి.

మార్కుల సంగతి. ఇంటర్ మార్కుల్ని మీరే నాలుగు పాయింట్ల జీపీఏలోకి మార్చి రాయకండి. మెమోలో ఎలా ఉంటే అలాగే, ఎన్నింటికి ఎన్నో రాయండి. పేరు, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే ఉండాలి. టెన్త్ మెమోలో ‘కె. లావణ్య’ అని, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే కాలేజీవాళ్లు రెండు ఫైళ్లూ ఒకరివే అని పోల్చుకోలేక ఆపేస్తారు.

భీమిలి రోడ్:
అప్లికేషన్‌తో పంపే వ్యాసం దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటారు. ‘నేను వస్తే మీ కాలేజీకి వైవిధ్యం పెరుగుతుంది’ అని రాయొద్దు, ఆ కాలేజీ ఎందుకు పుట్టిందో తెలియదని ఆ ఒక్క వాక్యంతోనే బయటపడుతుంది. హోవర్డ్, మోర్గాన్ స్టేట్ రెండూ 1867లో, బానిసత్వం రద్దయిన రెండేళ్లకే మొదలయ్యాయి. ఆ చరిత్ర చదివి, అక్కడి ఏ డిపార్ట్‌మెంట్‌లో ఏం నేర్చుకోవాలనుకుంటోందో పేర్లతో సహా రాయమనండి. ఒకే వ్యాసంలో కాలేజీ పేరు మార్చి పంపేటప్పుడు హోవర్డ్ బదులు హార్వర్డ్ అని ఉండిపోయే ప్రమాదం కూడా ఉంది.

డబ్బు లెక్క ముందే వేసుకోండి. పెల్ గ్రాంట్ లాంటి ఫెడరల్ సాయం ఎఫ్-1 వాళ్లకి రాదు. మోర్గాన్ స్టేట్ ప్రభుత్వ యూనివర్సిటీ, కాబట్టి మేరీల్యాండ్ బయటివాళ్ల ఫీజు పడుతుంది. హోవర్డ్ ప్రైవేటు, ఏ రాష్ట్రంవాళ్లకైనా ఒకటే ఫీజు. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం వచ్చాక, విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టి, ఆ రసీదుతో హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లాలి. ఈ కాలేజీయే ఎందుకని అక్కడ అడిగితే సీటు తేలిగ్గా వచ్చిందనే జవాబు పనికిరాదు.