జనవరిలో ఫిజీ ప్రయాణం: వాన, తుపాను, సముద్రం సంగతి పసిఫిక్ దీవుల్లో ఉన్నవాళ్లు చెప్పండి

మల్లెపందిరి (సిడ్నీ)
అందరికీ నమస్తే. జనవరి మూడో వారంలో ఫిజీ వెళ్తున్నాం. మేమిద్దరం, ఆరేళ్ల పాప, హైదరాబాద్ నుంచి వచ్చిన మా అత్తయ్య, మామయ్య. నాండిలో దిగి కొన్నాళ్లు మమనూకా దీవుల్లో, తర్వాత సువా. ఫోన్లో వాతావరణం యాప్ తెరిస్తే రోజూ మెరుపు బొమ్మే కనిపిస్తోంది. బుకింగ్ మార్చుకోవడానికి ఇంకా గడువుంది. మామయ్యకు పడవ ఊగితే పడదు. అక్కడ వాన ఎలా ఉంటుంది, సముద్రం ఎలా ఉంటుంది, చూసినవాళ్లు రాయగలరా? ఆ తర్వాతి ఏడాది హవాయి అనుకుంటున్నాం, వేరే దీవుల అనుభవాలైనా రాయండి.

సువా_మాస్టారు
యాప్‌లో ఏ ఊరు పెట్టుకున్నారమ్మా? సువా పెట్టి ఉంటే అది నాండికి పనికిరాదు.

నేను సువాలో పాఠాలు చెప్తాను. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. నాండిలో 1,800 ప్రాంతం. రెండూ ఒకే దీవి, విటి లెవు. మధ్యలో కొండలు, వాటిలో అన్నిటికంటే ఎత్తైన తోమానివి 1,324 మీటర్లు. ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు దారంతా సముద్రపు తేమ తాగి వచ్చి, సువా వైపు కొండల్ని ఎక్కుతూ ఆ నీళ్లన్నీ ఇక్కడే దించేస్తాయి. కొండ దాటేసరికి గాలి పొడిబారిపోతుంది. సువా గాలి తగిలే పక్క, పడమటనున్న నాండి గాలి చాటు పక్క. పసిఫిక్‌లో కొండలున్న ఏ దీవికి వెళ్లినా మీ హోటల్ ఏ పక్కన ఉందో చూసుకున్నాకే మిగతావన్నీ.

చెరకు మిల్లులు లౌతోకా, బా, రాకిరాకిల్లోనూ, ఉత్తరాన వనువా లెవు దీవిలో లంబాసాలోనూ పెట్టింది ఈ ఎండ చూసే. 1903 నుంచి మద్రాసులో ఓడలెక్కి కూలి ఒప్పందాల మీద వచ్చినవాళ్లలో గోదావరి, విశాఖ జిల్లాలవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంతతి ఇప్పటికీ ఎక్కువగా ఆ పడమటి పక్కే. నాండి ఊరి చివర సుబ్రహ్మణ్యస్వామి గుడికి మీ అత్తయ్యగారిని తప్పకుండా తీసుకెళ్లండి.

ఇక జనవరి. వానాకాలం నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. నాండి వైపు మామూలు రోజున పొద్దున్నే ఎండ చురుక్కుమంటుంది, మధ్యాహ్నం దాటాక కొండల మీద నల్లమబ్బు పేరుకుంటుంది, ఓ గంట కుండపోత, సాయంత్రానికి మళ్లీ తేట. యాప్ ఆ గంటను చూసి రోజంతటికీ మెరుపు బొమ్మ పెడుతుంది. సువాలో అలా కాదు, పొద్దున మొదలైన ముసురు రాత్రి దాకా వదలకపోవచ్చు. నా సలహా, సువాలో పెట్టుకున్న రోజులు తగ్గించి పడమటి పక్కకే ఇవ్వండి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. అల్పపీడనం వచ్చి కూర్చుంటే గాలి చాటు కూడా కాపాడదు. 2012లో జనవరిలో ఒకసారి, మార్చి చివర మరోసారి నాండి ఊరు నీట మునిగింది. నది పక్కనే పల్లం. ఎత్తు మీద ఉన్న బస చూసుకోండి.

ఆక్లాండ్_వాసి
మాస్టారి మాట కాదనను గానీ, పెద్దవాళ్లతో, చిన్నపిల్లతో జనవరి, ఫిబ్రవరిల్లో వెళ్లమని నేను చెప్పలేను. తుపాన్లకు అదే అసలు కాలం. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తీరం దాటినప్పుడు ఫిజీలో 44 మంది పోయారు. రాకిరాకి చక్కెర మిల్లు ఆ దెబ్బకు మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. 2020 డిసెంబర్‌లో యాసా కూడా పెద్దదే. డబ్బు వెనక్కి వచ్చే వీలుంటే జూన్ తర్వాతకు మార్చేయండి.

ఓడదారి (విశాఖ)
ఇరవై ఏళ్లుగా సరుకు ఓడల్లో ఉన్నాను, పసిఫిక్ చాలాసార్లు దాటాను. ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. తుపాను కాలమంటే రోజూ తుపాను అని కాదు, ఫిజీ మీదికి తీవ్రమైనది రాని ఏళ్లు కూడా ఉంటాయి. కానీ వస్తే ఎటు తిరుగుతుందో ముందే చెప్పడం కష్టం. విన్‌స్టన్ టోంగా పక్కగా తూర్పుకు వెళ్లిపోయింది, అక్కడ వెనక్కి తిరిగి మళ్లీ పడమరకు నడిచి ఫిజీని కొట్టింది. అందుకని పది రోజుల ముందు యాప్ చూసి భయపడటం, ధైర్యపడటం రెండూ వద్దు. బయల్దేరే ముందు నాలుగైదు రోజుల నుంచి నాండిలోని ఫిజీ వాతావరణ సంస్థ బులెటిన్ చదవండి. దక్షిణ పసిఫిక్‌లో చాలా భాగానికి తుపాను హెచ్చరికల కేంద్రం అదే.

మన కోస్తావాళ్లు గమనించాల్సిన తేడా ఒకటుంది. బంగాళాఖాతంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. మన దగ్గర గాలికి ఎదురుగా నిలబడితే తుపాను కేంద్రం కుడిచేతి వైపు ఉంటుంది, ఫిజీలో ఎడమచేతి వైపు. ఈశాన్య గాలి మొదలైతే తుపాను దగ్గరికొస్తోందని మత్స్యకారుల ఇళ్లలో నేర్చుకున్న లెక్క అక్కడ చెల్లదు. తుపాను బలం చెప్పే కేటగిరీలు కూడా వేరు. అమెరికావాళ్ల కేటగిరీ 1 గాలి ఫిజీ లెక్కలో కేటగిరీ 3కి దగ్గర. వార్తల్లో అంకె చూసినప్పుడు ఎవరి అంకె అన్నది చూడండి.

ఇంకో మాట, ఇదే ముఖ్యం. ఆకాశం వేరు, సముద్రం వేరు. నీలాకాశం, ఆకు కదలని గాలి, అయినా ఒడ్డున నాలుగు మీటర్ల కెరటం విరుగుతుంది. దాన్ని పుట్టించిన తుపాను మూడు నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఉంటుంది. అలల సూచన చదివేటప్పుడు ఎత్తు ఒక్కటే చూడకండి, అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. ఐదారు సెకన్లైతే అది దగ్గరి గాలి లేపిన చిన్న అల, పడవను కుదుపుతుంది. పద్నాలుగు, పదహారు సెకన్లైతే దూరం నుంచి వచ్చిన బరువైన కెరటం. నడిసముద్రంలో ఓడ మీద అది తెలియను కూడా తెలియదు, రీఫ్ (తీరం దగ్గరి పగడపు దిబ్బ) మీదికి వచ్చాక లేస్తుంది.

మల్లెపందిరి
చాలా థాంక్స్ అండీ. మరి జులైకి మార్చుకుంటే వానా ఉండదు, సముద్రమూ ప్రశాంతంగా ఉంటుంది అనుకోవచ్చా? మామయ్య పడవ గురించే నా బెంగ.

సువా_మాస్టారు
వాన తగ్గుతుంది, సముద్రం మాత్రం తగ్గదు. జూన్ నుంచి ఆగస్టు దాకా వ్యాపార పవనాలు బలంగా వీస్తాయి. ఆ నెలల్లో సువా నుంచి కందావు, తవేవునీ దీవులకు వెళ్లే పడవల్లో అలవాటున్నవాళ్లు కూడా కడుపు పట్టుకుని కూర్చుంటారు. జనవరిలో గాలివాన లేని రోజున నీళ్లు అద్దంలా ఉంటాయి. మీరు వెళ్లే మమనూకా దీవులు గాలి చాటున ఉన్నాయి, చుట్టూ రీఫ్ అడ్డం ఉంది, నాండి పక్కనున్న దెనరావు రేవు నుంచి దూరమూ తక్కువ. యసావా దీవులైతే కొంచెం ఎక్కువ ఊగుతుంది. పొద్దుటి పడవ ఎక్కించండి, పడవ మధ్యలో వెనక వైపు కూర్చోబెట్టండి.

ఒవాహు_అక్క
హవాయి గురించి నేను చెప్తా. ఇక్కడా అదే కథ, గాలి మాత్రం ఈశాన్యం నుంచి. బిగ్ ఐలాండ్‌లో తూర్పున ఉన్న హిలోలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైనే. పడమటి తీరంలో కొన్ని చోట్ల 300 కూడా దాటదు. మధ్య దూరం గంటన్నర కారు ప్రయాణం.

సముద్రం ఇక్కడ కాలాన్ని బట్టి వైపు మారుతుంది. చలికాలంలో అలాస్కా పక్కనున్న అలూషియన్ దీవుల దగ్గరి తుపాన్లు ఉత్తర తీరం మీదికి కెరటాలు తోస్తాయి. వేసవిలో దక్షిణార్ధగోళంలో, న్యూజిలాండ్ వైపు రేగిన తుపాన్ల కెరటాలు దక్షిణ తీరానికి వస్తాయి. మా ఒవాహు దీవి ఉత్తర తీరంలో, జులైలో పిల్లలు ఈదే వైమియా బేలోనే డిసెంబర్‌లో పది మీటర్ల అల విరిగే రోజులుంటాయి. చుట్టాలు వస్తే నేను అక్కడికి తీసుకెళ్లి, నీళ్లలో అడుగు పెట్టనివ్వకుండా ముందు ఇసుకలో కూర్చోబెడతాను. మొదటి పది నిమిషాలు ఏమీ ఉండదు, పిల్లలు పోదాం పోదాం అంటారు. అప్పుడు దూరంగా నీటి మీద ఓ నల్లటి గీత లేస్తుంది. అయిదారు అలలు వరసగా వస్తాయి, మనం కూర్చున్న చోటు కింద ఇసుక అదురుతుంది. మళ్లీ నిశ్శబ్దం. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, మధ్యలో విరామం ఇస్తాయి. ఆ విరామం చూసి దిగినవాళ్లే ప్రమాదంలో పడతారు. అందుకే ఎక్కడైనా సరే, పావుగంట చూడనిదే దిగకండి. తడిసి ఉన్న రాళ్ల మీద ఫోటోలు అసలు వద్దు, రాయి తడిసిందంటే అల అక్కడి దాకా వచ్చిందనే.

ఇక్కడి సర్ఫర్లు చాలామంది అలను వెనక వైపు నుంచి కొలుస్తారు. వాళ్లు పదడుగులంటే ఎదురుగా నిలబడ్డవాళ్లకు దాదాపు ఇరవై. ఇంకా, పౌర్ణమి వెళ్లిన 8 నుంచి 10 రోజుల్లో వైకికీ వైపు బాక్స్ జెల్లీఫిష్ వస్తాయి. పంచాంగం చూసుకుని వెళ్లండి, ఆ రోజుల్లో పాపను నీళ్లలోకి దింపకండి.

నీటిచుక్క (తరావా)
నేను కిరిబాటి అనే చిన్న దీవుల దేశంలో, తరావాలో తాగునీటి పనుల మీద ఉన్నాను. పైవాళ్లు చెప్పిన కొండా, గాలి చాటూ ఇక్కడ లేవు. పగడపు ఇసుకతో ఏర్పడిన సన్నని పట్టీ, చాలా చోట్ల సముద్రానికి రెండు మూడు మీటర్ల ఎత్తు కూడా ఉండదు. రోడ్డు మీద నిలబడితే ఒకపక్క లగూన్ (రీఫ్ లోపలి నీళ్లు), ఇంకోపక్క మహాసముద్రం. భూమధ్యరేఖకు ఇంత దగ్గర తుపాన్లు తిరగలేవు కాబట్టి ఆ భయం లేదు.

కానీ ఓడదారి గారు చెప్పిన ముక్క ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది. 2015 మార్చిలో పామ్ తుపాను వనువాటు మీద విరుచుకుపడింది. దాని కెరటాలు ఎంతో దూరంలోని తువాలు దీవుల్లో ఊళ్లలోకి వచ్చేశాయి, ఇక్కడ బెతియో దీవికి వెళ్లే కాజ్‌వే (నీళ్ల మధ్య రోడ్డు కట్ట) దెబ్బతింది. మీద చూస్తే తుపాను లేదు, కింద సముద్రం ఇంట్లో ఉంది. పెద్ద పోటున్న రోజు అలాంటి కెరటం కలిసిందా, గోడలు ఆగవు.

మాకు అసలు బాధ వాన లేకపోవడం. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచని పొరగా నిలుస్తుంది. బావులన్నీ ఆ పొర నుంచే. నెలల తరబడి వాన లేకపోతే పొర సన్నబడుతుంది. బావిలోకి ఉప్పు కొలిచే మీటర్ దించితే పైన అంకె బాగానే ఉంటుంది, మూర లోతుకు వెళ్లేసరికి ఉప్పు అంకె ఎగిరిపోతుంది. బొక్కెన గట్టిగా ముంచవద్దని ఇంటింటికీ తిరిగి చెప్తాం, పైపైనే తోడుకోవాలి. లా నినా, అంటే పసిఫిక్ నడుమ సముద్రం మామూలు కంటే చల్లబడే ఏళ్లలో ఇదే పని.

కరీంనగర్_రైతుబిడ్డ
నీటిచుక్క గారూ, లా నినా వస్తే మా దగ్గర వానలు బాగుంటాయని సంబరపడతాం. మీకు అదే కరువా?

నీటిచుక్క (తరావా)
అవునండీ. దానికి ఎదురైన ఎల్ నినోలో వ్యాపార పవనాలు నీరసిస్తాయి, పడమటి పసిఫిక్‌లో ఉండే వేడినీళ్లు తూర్పుకు జరుగుతాయి, వాటితో పాటే మబ్బులూ మా మీదికి వస్తాయి. మా ట్యాంకులు నిండుతాయి. మన దగ్గర దానికి తలకిందులు, ఎల్ నినో నడిచిన 2015లో భారతదేశం మొత్తానికి రుతుపవనాల వాన 14 శాతం తగ్గింది, తెలంగాణ పల్లెల్లో ఆ ఏడు ఎలా గడిచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ సంబంధం ముందు పట్టుకున్నదీ మన రుతుపవనాల కోసమే. గిల్బర్ట్ వాకర్ 1904లో భారత వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చి, కరువును ముందే చెప్పగలమా అని ప్రపంచం నలుమూలల గాలి పీడనం లెక్కలు కలిపి చూశాడు. పసిఫిక్‌లో ఒక పక్క పీడనం పెరిగితే ఇంకో పక్క తగ్గుతుందని తేల్చాడు. ఇప్పటికీ తాహితి, ఆస్ట్రేలియాలోని డార్విన్ పీడనాల తేడాతోనే ఎల్ నినో, లా నినాల సూచీ కడతారు.

సువా_మాస్టారు
ఫిజీకి తరావాలా కాదు, కరీంనగర్ లాగే. ఎల్ నినో వస్తే ఇక్కడా ఎండ. 1997–98లో పడమటి పక్క చెరకు నిలువునా ఎండింది. మల్లెపందిరి గారూ, మీరు వెళ్లే ఏడాది ఏది నడుస్తోందో చూసుకోండి. ఎల్ నినో అయితే తుపాన్లు తూర్పుకు, కుక్ దీవులు, తాహితి దాకా పోతాయి.

మల్లెపందిరి
ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. జనవరే ఉంచుతున్నాం, సువా తీసేశాం, వెళ్లే వారం ముందు దాకా రద్దు చేసుకునే వీలున్న బస తీసుకున్నాం. పాపకు లగూన్‌లో చేపలు చూడాలని ఉంది. రీఫ్ లోపల నీళ్లు నడుము లోతే అంటున్నారు, భయం లేనట్టేనా?

రారొటోంగా_డైరీ
నడుము లోతే, కానీ నడుస్తున్న నీళ్లు. కెరటం రీఫ్ మీదుగా నీటిని లోపలికి పోస్తూనే ఉంటుంది. ఆ నీళ్లన్నీ బయటికి పోవాలంటే రీఫ్‌లో గండ్లే దారి. కుక్ దీవుల్లోని మా రారొటోంగా దక్షిణ తీరంలో అవాఅవారోఆ గండి దగ్గర ఈతగాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బయట కెరటం ఎంత పెద్దదైతే గండిలో ఒరవడి అంత ఎక్కువ. లోపల మాత్రం పైకి ప్రశాంతంగానే కనిపిస్తుంది.

ఒడ్డున కాస్త ఎత్తు మీద నిలబడి చూడండి. రీఫ్ పొడవునా తెల్లటి నురగ గీత ఉంటుంది. ఆ గీత ఎక్కడ తెగిందో, నీళ్లు ఎక్కడ ముదురు నీలంగా ఉన్నాయో అదే గండి. పాపను దానికి చాలా దూరంలో దింపండి. దిగగానే ఒడ్డున ఒక కొబ్బరిచెట్టు గుర్తు పెట్టుకోండి. ఈదకుండా తేలుతున్నా ఆ చెట్టు పక్కకు జరుగుతోందంటే వెంటనే బయటికి వచ్చేయాలి. ఎవరైనా కొట్టుకుపోతే ఒరవడికి ఎదురీదకూడదు, చెయ్యెత్తి తేలుతూ అడ్డంగా పక్కకు రావాలి. కాళ్లకు రీఫ్ బూట్లు మర్చిపోవద్దు, పగడం కోసుకుంటే పుండు త్వరగా మానదు.

ఓడదారి (విశాఖ)
దీనికి ఒకటి కలుపుతాను. పోటుపాట్ల వేళలు ప్రతి దీవికీ విడిగా చూసుకోండి. మన తీరంలో తిథిని బట్టి పోటు రోజుకు ముప్పావు గంట పైన వెనక్కి జరుగుతుంది కదా. తాహితిలో అలా జరగదు, చంద్రుడి ప్రభావం అక్కడ దాదాపు శూన్యం, సూర్యుడి లెక్కే నడుస్తుంది. రోజూ మధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతంలోనే పోటు, అదీ ఒక అడుగు. ఫిజీలో మన లెక్కే, పోటుకూ పాటుకూ మీటరు పైనే తేడా వస్తుంది. పాటు నడిచేటప్పుడు గండిలో లాగుడు ఇంకా పెరుగుతుంది. అందుకని పాపను నీరు పెరుగుతున్న వేళ దింపండి, నిండు పోటు దాటేలోపు బయటికి తీసేయండి. వేళల పట్టిక మీ బస దగ్గర రిసెప్షన్‌లో అడిగితే ఇస్తారు.