ఏడాది "ఉతికిన"నా, "పూసిన"నా?

చీపురుపల్లి: వేమన పద్యమే, కానీ ఒక్క మాట దగ్గర మనసు ఆగిపోతోంది. మా డ్రాయింగ్ మాస్టారు "ఎలుక తోలు దెచ్చి ఏడాది పూసిన" అనేవారు. మనిషి మారాలంటే పైన రంగేస్తే చాలదురా, పాత పూత గీకి మొదలుపెట్టాలి అని అర్థం చెప్పేవారు. పుస్తకాల్లో చూస్తే "ఉతికిన" అనే ఉంది. "పూసిన" అని ఎవరైనా విన్నారా?

పలాస: ముందు ఎలుక సంగతి తేల్చండి. అది "ఎలుగు తోలు". ఎలుక నల్లగా ఎక్కడుంటుందండీ? మా ఉద్దానం జీడితోటల్లో తిరిగే ఎలుగుని చూస్తే ఆ నలుపేమిటో తెలుస్తుంది. రెండో పాదంలో నలుపు ఎంతకీ తెలుపు కాదని చెప్పబోయే కవి ఎలుకని ఎందుకు తెస్తాడు?

విజయనగరం: "ఎలుగు" పాఠం నేనూ చూశాను. కానీ జనం నోట నిలిచింది ఎలుకే, వేమనకి అదే ప్రమాణం. ఛందస్సుతో ఇది తేలదు, ఎలుకకీ ఎలుగుకీ మూడేసి లఘువులే, అంటే పొట్టి అక్షరాలే. ఆ మాటకొస్తే "ఉతికిన" నలం (నాలుగు లఘువులు), "పూసిన" భగణం (ఒక గురువు, రెండు లఘువులు), ఈ పద్యం నడిచే ఆటవెలదిలో అక్కడ రెండూ చెల్లుతాయి, ఎ–ఏ యతికీ (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొత్తుకీ) ఢోకా లేదు.

బొబ్బిలి: నేను బోర్డులు రాస్తాను. నల్ల రేకు మీద తెలుపు ఒక పూత వేస్తే బూడిద రంగు తేలుతుంది, ఇంకో రెండు పూతలేస్తే నలుపు కనబడదు, కానీ గోటితో గీరండి, కిందున్నది కిందే ఉంటుంది. స్వభావం గురించి చెప్పడానికి మాస్టారి మాటే బలంగా ఉంది.

విజయనగరం: బాగుంది, కానీ దీన్ని పట్టుకుని వేమన మనిషి మారడన్నాడు అనుకోవద్దు. "తినగ తినగ వేము తియ్యనుండు" అన్నదీ ఆయనే. సాధనతో చేదు తీపవుతుందన్నవాడు నలుపు దగ్గర ఎందుకు ఆగిపోయాడు? ఈ రెండూ ఒకే వయసులో చెప్పినవి కావని నా నమ్మకం. నాకు ఆ వేప పద్యమే ప్రాణం.

పలాస: అసలు రెండూ ఒకరివేనా? బ్రౌన్ దొర 1829లో అచ్చువేసేనాటికే ప్రతికో పాఠం. ఎలుగు మాత్రం వదలను.

చీపురుపల్లి: "పూసిన" సంగతి?

ఆమదాలవలస: మా అమ్మమ్మ "ఏడాది తోమిన" అనేది. అదీ భగణమే కదా విజయనగరం మాస్టారూ?