పిల్లల డాక్టరు సొంత ఆసుపత్రి పెట్టకుండా పరిశోధనకు పోవచ్చా?

కావలి అక్క:
మా తమ్ముడు పిల్లల వైద్యంలో ఎం.డి. ముగిస్తున్నాడు. నాయన ట్రంకు రోడ్డులో జాగా చూసిపెట్టాడు, ఆసుపత్రి కడదామని. వీడేమో పిల్లల అంటురోగాల మీద పరిశోధన చేస్తా, కాలేజీలో పాఠాలు చెప్తా అంటాడు. ఇద్దరికీ మాటల్లేవు. ఆ దారిలో పనేముంటుంది? నాయనకు అర్థమయ్యేలా చెప్పండి.

ఒంగోలు, రిటైర్డ్ ఏఎన్ఎం:
అమ్మాయ్, వాంతులు విరేచనాలతో కళ్లు గుంటలుపడిన పసిబిడ్డల్ని ఎంతమందినో చూశాను. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అట్లాగే నిలబడేది. అలాంటి కేసుల్లో చాలావాటికి కారణం రోటావైరస్. 2016లో దాని టీకా సర్కారు టీకాల్లో చేరింది. మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్ర ఒకటి. 6, 10, 14 వారాలకు నోట్లో చుక్కలు. ఈ వైరస్‌కు మన దేశంలో చేసిన టీకా రోటావాక్ పుట్టింది ఎక్కడనుకున్నారు? ఢిల్లీ ఎయిమ్స్‌లో, వైరస్ సోకినా జబ్బుపడని పురిటిబిడ్డల దగ్గర దొరికిన వైరస్ రకం నుంచి. దాని వెంటపడి ఏళ్లతరబడి పనిచేసిన ఎం.కె. భాన్ గారూ పిల్లల డాక్టరే. తయారుచేసింది మన హైదరాబాద్ భారత్ బయోటెక్. మీ నాయనకు ఇది చెప్పు తల్లీ.

నెల్లూరు, మెడికల్ కాలేజీ టీచరు:
మనోళ్లు వైద్యానికి పోయే వేలూరు సీఎంసీలోనే టి. జాకబ్ జాన్ గారు పనిచేశారు. పిల్లల డాక్టరు, వైరాలజిస్టు, అంటే వైరస్‌ల మీద పరిశోధన చేసేవారు. మన దేశపు పిల్లలకు పోలియో చుక్కలు మూడు డోసులు చాలవని చూపినవాళ్లలో ఆయనొకరు. ఈ దారిలో పనంటే పొద్దున వార్డు, తర్వాత పాఠం, మిగిలిన పొద్దు ల్యాబు. ప్రాక్టీసులో వచ్చినంత డబ్బు మాత్రం రాదు, అది నాయనకు ముందే చెప్పండి.

కావలి అక్క:
డబ్బు సంగతి నేను మాట్లాడతా. ఏఎన్ఎం అమ్మా, మీ జవాబు ఈ రాత్రికే నాయనకు చదివి వినిపిస్తా.