సమస్య: నీరు లేని చోట నీట మునిగె

నిర్వాహకుడు: ఈ వారం సమస్యగా ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. పెంచలకోన గుడి దాటి వాగు వెంట జలపాతం దాకా నడిచినవారికి వస్తువు వెతుక్కునే పని లేదు. దారి తేలికే, నాచు పట్టిన రాళ్ళ దగ్గర మాత్రం తొందర పనికిరాదు. వెలిగొండల్లో ఏ కోనైనా సరే.

పొదలకూరు సభ్యుడు:
పెంచలయ్య కోన బెట్ట వాగుల దారి
నెండ మాడ్చ రాళ్ళ నెక్కి యెక్కి
చెమట ధార దడిసి చేనేత చొక్కాయి
నీరు లేని చోట నీట మునిగె

రాపూరు మాస్టారు: బెట్ట వాగు బాగుంది, మన రైతుల మాట. కానీ రాళ్ళెక్కింది ఎవరు నాయనా, చొక్కాయా? ‘ఎక్కి’ అంటే మునిగిన కర్తే ఎక్కాలి. ‘నెక్కుచుండ’ అనండి, యతికీ ఇబ్బంది లేదు.

పొదలకూరు సభ్యుడు: సవరించాను మాస్టారూ. చొక్కాయిని కొండ దింపాను.

కొత్త సభ్యుడు: ‘జలపాతము కింద నిలబడి తడిసితి’ అని మొదలుపెట్టవచ్చా?

నిర్వాహకుడు: కుదరదు. మొదట సూర్యగణం (హగణం గానీ నగణం గానీ) రావాలి, ‘జలపా’ సగణం. పైగా తడిసింది మీరైతే ‘మునిగితి’ కావాలి, సమస్యను మార్చే అధికారం ఎవరికీ లేదు.

పామూరు సోదరి: నాది భైరవకోన. కొండను తొలిచిన ఎనిమిది శివాలయాల పక్కనే జలపాతం ఉన్నా, నేను కార్తిక పున్నమినే ఎంచుకున్నాను. ఆ వెన్నెల అమ్మవారి మీద పడుతుందని ప్రసిద్ధి కదా.
కోన నడుమ నున్న గుడిలోని దుర్గమ్మ
కార్తికంపు రేయి కాంతి సోక
జాబిలమ్మ పోయు చలువ వెన్నెలలోన
నీరు లేని చోట నీట మునిగె

రాపూరు మాస్టారు: ఊహ చల్లగా ఉందమ్మా. అయితే అమ్మవారు వెన్నెలలో మునిగిందా, నీటిలోనా?

పామూరు సోదరి: ‘వెన్నెల యను’ అంటే?

రాపూరు మాస్టారు: అప్పుడు ‘వెన్నెల యను నీరు లేని చోట’ అని అన్వయం కుదిరి, ఉన్న వెన్నెలా పోతుంది! ‘జాబిలమ్మ వంప జలమయ్యె వెన్నెల’ చూడండి.

పామూరు సోదరి: అదే ఉంచుతున్నాను.

ఆత్మకూరు సభ్యుడు:
చుక్క లేక యెండి సోమశిలకు పైన
యూట బావి లేక యున్న యూరు
ఆనకట్ట వెనుక నలలపాలై పోయి
నీరు లేని చోట నీట మునిగె

పొదలకూరు సభ్యుడు: కోనకు రమ్మంటే సోమశిల ఆనకట్ట ఉన్న పెన్నకు పోయారే! పెంచలకోన వాగు కండలేరు ఏటిది.

ఆత్మకూరు సభ్యుడు: సోమశిల నీళ్ళు కాలువలో కండలేరు జలాశయానికి రావడం లేదా? అక్కడి నుంచి చెన్నై దాకా పోతున్నాయి. నా పద్యం అంత దూరం పోలేదు.

నిర్వాహకుడు: వస్తువు పక్కకు జరిగిన మాట నిజం. అయినా పూరణలన్నిటిలో ‘నీరు’ నీరుగానే, ‘మునగడం’ మునగడంగానే ఉన్నది ఇదొక్కటే. చమత్కారం కోసం ఏ మాటనూ వంచలేదు. నా ఓటు దీనికే. ‘యూరు’ తర్వాత ‘ఆనకట్ట’ దగ్గర మాత్రం సంధి చేయకుండా వదిలేశారు, అది చూసుకోండి.

రాపూరు మాస్టారు: నేనూ అదే రాయబోతున్నాను. సంధి చేస్తే ‘రాన’కట్ట అవుతుంది, అలా కాకుండా సర్దడం ఆయన పని.